గేరు మార్చే కాలు

(ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గది. బల్ల అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు రిటైరైన టెలిఫోన్ లైన్‌మన్. అతని ఎదురుగా ఫిజియోథెరపిస్టు. గోడ పక్క కుర్చీలో లైన్‌మన్ భార్య. ఆవిడ టైలరు. ఒళ్ళో అంచు కుట్టాల్సిన గౌను ఉంది.)

"అంటే మీరు పడింది స్తంభం మీంచి కాదా?"

"కాదు డాక్టరమ్మా. స్టూలు మీంచి."

"స్టూలా!"

"మూడు కాళ్ళ స్టూలు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గాలిలో, వానలో స్తంభాలెక్కి తీగలు పట్టుకు వేలాడినవాణ్ణి. రిటైరయ్యాక కర్టెన్ తగిలిద్దామని స్టూలెక్కి పడ్డాను."

"పడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటున్నారమ్మా. ఆ రోజున పడుతూ కూడా 'దిగుతున్నానోయ్, దిగుతున్నాను' అన్నారు."

"దిగాను కదా మరి. అలమర అంచు మీద దిగాను. అది మోకాలి పక్కన కొట్టింది. కర్టెన్ మటుకు బ్రహ్మాండంగా తగిలింది. నా మెళ్ళో."

"సరే బాబాయ్ గారూ, మళ్ళీ ఒకసారి చూద్దాం. కుడి పాదం. వేళ్ళు మీ మొహం వైపు లాగండి."

"లాగుతున్నా."

"లాగండి."

"లాగుతున్నానమ్మా!"

"తొడ బిగుస్తోంది. దవడ బిగుస్తోంది. పాదం ఉన్నచోటే ఉంది."

"నా మొహం వైపు రమ్మంటే అది మాత్రం ఎందుకొస్తుంది చెప్పండి? ఈవిడే మొహం తిప్పుకుని కూర్చుంది."

"నేనేమన్నానండీ ఇప్పుడు?"

"ఏమీ అనలేదు. అందుకే భయం."

"నవ్వులాట కాదు బాబాయ్ గారూ. నరం నలిగింది గానీ తెగలేదు. పరీక్షల్లో కోలుకుంటున్నట్టే కనిపిస్తోంది. కానీ పాదం మీ మాట వినట్లేదు. ఇవాళ కూడా కదలిక రాకపోతే ప్లాస్టిక్ పట్టీకి కొలత తీయించమన్నారు పెద్ద డాక్టరుగారు. కొలతలు తీసే ఆయన బయటే ఉన్నాడు."

"చూశాను. మెడలో టేపు. అచ్చం మా ఆవిడలాగే."

"పట్టీ వేసుకుంటే పాదం ఈడ్చుకోకుండా హాయిగా నడవచ్చు."

"నడవచ్చు. మరి బండో?"

"ముందు నడక..."

"బండో, డాక్టరమ్మా?"

"మీ బండికి బ్రేకు కుడికాలికే కదా? బ్రేకు మీంచి పాదం ఎత్తలేనివాళ్ళు బండెలా నడుపుతారు? అబద్ధం చెప్పలేను. బండి మానేయాలి."

"విన్నావుటోయ్?"

"విన్నాను. గౌను అంచు కుడుతున్నాను గానీ చెవులు కుట్టేసుకోలేదు."

"విని ఏమంటావు?"

"నేననేదేముంది? బండి పోతే పోయింది, మనిషి నడిస్తే చాలు."

"చూశారా డాక్టరమ్మా! ఎప్పుడెప్పుడా అని చూస్తోంది. వరండాలో బండి ఉండే చోట ఇంకో కుట్టుమిషను వేస్తుందట."

"అన్నాను. లేదంటానా? దానికి వెలుతురు బాగా పడుతుంది అక్కడ."

"బాబాయ్ గారూ, ఒక్క క్షణం కాలి సంగతి వదిలేయండి. మీరు లేపాలి లేపాలి అనుకున్నకొద్దీ మిగతా కండరాలన్నీ మధ్యలో దూరిపోతున్నాయి. పాదం వంక చూడకండి. ఆ గోడ వంక చూస్తూ ఇంకేదైనా మాట్లాడండి. మీ మొదటి బండి ఏది?"

"అడిగారూ! అయిపోయింది. ఆ కొలతలాయన్ని భోంచేసి రమ్మనండమ్మా."

"నువ్వుండవోయ్. మొదటిది... దాన్ని ముసలిది అనేవాళ్ళం. వయసులో నాకంటే పెద్దది. నడపడం రాకుండానే కొన్నాను."

"రాకుండానా?"

"కొంటే అదే వస్తుందనుకున్నాను. అమ్మినాయనే మా గుమ్మందాకా నడుపుకొచ్చి, తాళం చేతిలో పెట్టి, కాలినడకన వెళ్ళిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూళ్ళేదు. ఎంతో కాలం వాడిన బండి కదా, కాస్తయినా బెంగ ఉండాలి కదా. అప్పుడైనా నాకు అర్థం కావాలా వద్దా?"

"స్టార్టయ్యేదా అసలు?"

"ఎందుకవదు? ఎవరూ చూడనప్పుడు అయ్యేది. పక్కింటివాళ్ళు గుమ్మంలో ఉంటే మటుకు ససేమిరా. నేను కిక్కు కొడితే తిరిగి అదే నన్ను కొట్టేది. అందుకని పొద్దున్నే నల్ల కళ్ళజోడు పెట్టుకుని వీధి మలుపుదాకా తోసుకెళ్ళేవాణ్ణి. ఎవరైనా అడిగితే 'పాపం, పెద్దాయన పడుకున్నాడు, చప్పుడెందుకని' అనేవాణ్ణి."

"ఏ పెద్దాయన?"

"వీధికో పెద్దాయన ఉంటాడు కదమ్మా. మా వీధిలో ఆయనకి చెవుడనుకోండి. అది వేరే సంగతి."

"మలుపు తిరిగాక స్టార్టయ్యేదా?"

"మలుపు తిరిగినంత మాత్రాన బుద్ధి మారుతుందా? ఆఫీసుదాకా తోయడమే. చెమటతో ముద్దయిపోయి వెళ్తే మా ఇంజనీరుగారు అడిగేవాడు, 'ఏమోయ్, నువ్వు బండి మీద వచ్చావా, బండి నీ మీద వచ్చిందా' అని."

"అప్పట్లో ఈయన సన్నగా, చూడముచ్చటగా ఉండేవారమ్మా. అదంతా బండి చలవే."

"లైసెన్సు ఎలా ఇచ్చారు బాబాయ్ గారూ మీకు?"

"అది అడక్కండి."

"అడగండమ్మా, అడగండి."

"ఆ ఆఫీసరు మైదానంలో ఎనిమిది అంకె వేసి చూపించమన్నాడు. నేను రెండు వేసి ప్రహరీగోడ దగ్గర ఆగాను."

"ఆగారా? గోడ ఆపింది."

"ఎవరో ఒకరు ఆపారు కదా. ఆయన వచ్చి బండి చూశాడు, నన్ను చూశాడు, గోడ చూశాడు. ఇచ్చేశాడు. మళ్ళీ పరీక్షకి వస్తానేమోనని."

"తర్వాత బండి? గోడ వైపే చూడండి. పాదం ఊరికే వదిలేయండి."

"రెండోదానికి హారన్ లేదు."

"అసలే లేదా?"

"మీట ఉంది. నొక్కితే లైటు వెలిగేది. లైటు మీట నొక్కితే ఇంజను ఆగేది. ఊళ్ళో టెలిఫోన్లన్నీ కలిపినవాణ్ణి, నా హారన్‌కి నేను తీగ కలుపుకోలేకపోయాను. విప్పినప్పుడల్లా రెండు నట్లు మిగిలేవి. మిగిలినవాటిని చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాణ్ణి. కొన్నాళ్ళకి బండి సగం జేబులోనే ఉండేది."

"మరి హారన్ లేకుండా రోడ్డు మీద ఎలా?"

"నేనే హారన్‌నమ్మా. వెనక కూర్చుని 'తప్పుకోండి బాబూ, తప్పుకో తల్లీ' అని అరవడమే నా పని."

"సైకిలుకో రాగం, లారీకో రాగం. లారీవాడు కూడా జడిసి పక్కకి తీసేవాడు. తర్వాత ఆ బండి అమ్మేశాను గానీ డాక్టరమ్మా, హారన్ మటుకు మా ఇంట్లోనే ఉండిపోయింది."

"ఇప్పటికీ ఆ హారన్ మోగితే గానీ లేవరమ్మా పొద్దున్నే."

"మూడోది?"

"మూడోది మంచి బండి. అందుకని దాని గురించి చెప్పడానికేమీ లేదు."

"నవ్వించి చంపుతున్నారు బాబాయ్ గారూ. సరే, ఇప్పుడు చూద్దాం. నెమ్మదిగా. కుడి పాదం, వేళ్ళు పైకి."

"ఊఁ."

"పైకి..."

"ఇదిగో."

"మళ్ళీ తొడే బిగుస్తోంది."

"పాదం వచ్చిందా?"

"లేదు."

"కాస్తయినా?"

"లేదు బాబాయ్ గారూ."

"పోనీలెండి. ఆ టేపాయన్ని పిలవండి."

"ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం."

"వద్దమ్మా. వేళాకోళం ఆడుతున్నాను గానీ లోపల నాకు భయంగా ఉంది. నా కాలు నా మాట వినకపోవడమేమిటి? ఏ ఊరి ఫోను మూగబోయినా తీగ ఎక్కడ తెగిందో ఎక్కి చూసి కలిపొచ్చేవాణ్ణి. ఇక్కడ ఎక్కడికెక్కను, ఏం కలపను? బండి లేకపోతే నేను చచ్చిపోనులెండి. కానీ బండెక్కితే నాకు నేను ఒక మనిషిలా అనిపిస్తాను. కింద ఉంటే కర్టెన్ కూడా తగిలించలేని వెధవని."

"అలా అనకండి."

"పిలవండమ్మా ఆయన్ని. భోజనానికి వెళ్ళిపోతాడు."

"ఏవండీ."

"ఏమిటోయ్?"

"ముసలిదాని మీద నన్ను కొండెక్కించారు చూడండి, పెళ్ళయిన కొత్తలో. అది చెప్పనేలేదు."

"ఇప్పుడదెందుకు?"

"మీరు చెప్పకపోతే నేను చెప్తాను. ఏం లేదమ్మా, కొండ మీద ఈయన పాతిన స్తంభం ఒకటుంది, అది నేను చూసి తీరాలట. అక్కడ దిగి చూస్తే ఏముంది, స్తంభమే ఉంది."

"మంచి స్తంభం అది."

"సగం ఎక్కేసరికి బండి రొప్పుతోంది. నాకు గుండెలు జారిపోతున్నాయి. అప్పుడు ఈయన ఎడమకాలితో గేరు తొక్కి..."

"ఏ కాలితో?"

"ఎడమకాలితో."

"ముసలిదానికా?"

"మరి? ఏ బండికైనా గేరు ఎడమ పక్కేగా ఉండేది."

"ఏ బండికైనా అంటే ఈ కాలపు బళ్ళకి! అది పాతకాలపు బండి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి!"

"ఎడమేనండీ. వెనక కూర్చున్నాను, నాకు కనబడదా?"

"కళ్ళు గట్టిగా మూసుకుని నా చొక్కా పీకేస్తున్నదానివి నీకేం కనబడింది?"

"సరేలెండి, ఏ కాలైతేనేం. గేరు తొక్కారు, ఎక్కేశాం."

"తొక్కడమేమిటి! ఎక్కుడులో గేరు తగ్గించాలా, పెంచాలా? ఆ బండికి తొక్కితే పెరుగుతుంది. తగ్గించాలంటే బూటు కొస లీవరు కింద దూర్చి పైకెత్తాలి."

"తొక్కారు. నాకు బాగా గుర్తు."

"ఆహా, నడిపింది నేను, గుర్తున్నది నీకా! డాక్టరమ్మా, మీరు వినండి. నాలుగో గేరులో ఉన్నాను. ఎదురుగా ఎత్తు. క్లచ్ పట్టాను. కుడి పాదం ఇలా లీవరు కింద పెట్టాను. ఒక్క ఎత్తు ఎత్తాను, మూడు. చాల్లేదు. ఇంజను దగ్గుతోంది. మళ్ళీ ఎత్తాను, రెండు. ఇంతలో మలుపు, అవతల లోయ. వెనక ఈవిడ దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తోంది. మళ్ళీ ఇలా ఎత్తాను... ఏం డాక్టరమ్మా? మీరూ నమ్మట్లేదా?"

"నమ్ముతున్నాను బాబాయ్ గారూ. గోడ వైపే చూడండి. రెండులోంచి ఒకటికి ఎలా వేశారో మళ్ళీ చెప్పండి."

"ఎలా ఏముంది? కొస కింద పెట్టి, ఇలా పైకి."

"ఇంకొక్కసారి."

"ఇలా."

"ఇప్పుడు కిందికి చూడండి."

"అది... అది నాదేనా?"

"మీదే."

"నేనే కదిపానా దాన్ని?"

"మీరే. కొంచెమే, వేలెడంత కూడా ఉండదు. కానీ మీరు గేరు వేసిన ప్రతిసారీ లేచింది. ఇవాళ కొలతలు లేవు బాబాయ్ గారూ. ఆయన్ని నేనే పంపించేస్తాను."

"ఏమోయ్! చూశావుటోయ్, కదిలింది! అంతా నీ మతిమరుపు పుణ్యం! నువ్వు ఎడమ ఎడమ అని నాకు తిక్క రేపబట్టి గానీ... ఇన్నేళ్ళు కాపురం చేశావు, ముసలిదాని గేరు ఏ కాలిదో కూడా తెలీదా నీకు?"

"తెలీకపోవడమేమిటండీ? మీరు గేరెత్తి ఎత్తి కొస చీల్చుకొచ్చిన ఆ కుడి బూటుకి తోలు అతుకులేసి, నా మిషను సూదులెన్ని విరగ్గొట్టుకున్నానో మీకు తెలుసా?"