తెల్లచీర, నల్లకోటు, తవుడు

“అమ్మమ్మా, మీ గోల్డెన్ జూబిలీ వీడియోలో ఆ బాతులేంటి?”

అదా! నవ్వకుండా విను మరి. మా పెళ్లి ఏలూరు చర్చిలో అయింది కదా. నాకు తెల్లచీర, తెల్ల ముసుగు. మీ తాతగారికి నల్లకోటు. ఆ కోటు ఆయనది కాదులే, వాళ్ల పెద్దన్నయ్యది... కాదు కాదు, బావగారిది. సరే, ఎవరిదైతేనేం. ఉన్నది ఒక్కటే ఫొటో. అందులో ఆయన కోటు గుండీలతో సహా కనబడుతుంది. నేను మాత్రం చీరా ముసుగూ ముఖమూ కలిసిపోయి తెల్లటి మచ్చ. యాభై ఏళ్లూ ఆ మచ్చ చూపించి “ఇది నేనేనండీ” అని చెప్పుకున్నాను. ఎంత కష్టంగా ఉండేదో నీకేం తెలుసు!

అందుకే జూబిలీకి మళ్లీ తెల్లచీరా నల్లకోటూ వేసుకుని తీయించుకుందామన్నాను. ముందురోజే తాడేపల్లిగూడెం నుంచి వీడియో ఆయన వచ్చాడు. “అమ్మగారూ, కెమెరా కంటికి మన కంటికున్నంత ఓర్పు ఉండదండీ. బాగా తెలుపూ బాగా నలుపూ పక్కపక్కనుంటే ఏదో ఒకటి పోతుందండీ. ఎంతవరకూ ఓర్చుకుంటుందో దాన్నే డైనమిక్ రేంజ్ అంటామండీ” అన్నాడు. తన కొత్త కెమెరా రెండూ పట్టేస్తుందని కూడా అన్నాడనుకో. ఆ మాట మనకెక్కడ ఎక్కింది? పైగా కొంచెం తీసి చూపిస్తే అంతా గంజి రంగు! “ఇప్పుడిలాగే ఉంటుందండీ, తర్వాత కంప్యూటర్లో రంగులు దిద్దుతానండీ” అంటాడు. మళ్లీ మచ్చేనా?

తెల్లారి లేచి ఎవరికీ చెప్పకుండా బకెట్టు నిండా టీ డికాషన్ కాచి చీర ముంచేశాను. ఆరాక అదే కట్టుకుని, వీడియో తీస్తానన్న మా చేపల చెరువు గట్టుకి వెళ్తే, అక్కడ మీ తాతగారు! చేపల మేతకి తెచ్చిన తవుడు కోటు నిండా పులుముకుని నిలబడ్డారు. “నీ ముఖం కనబడాలని నలుపు తగ్గించానే” అంటారు. ముప్ఫై ఏళ్లు లెక్కల మేష్టారు, చూశావా!

ఇంతలో బాతులకి తవుడు వాసన తగిలింది. పక్క చెరువువాళ్ల మందంతా వచ్చేసింది. ఆయన పరుగు, ఆయన చెయ్యి పట్టుకుని నేనూ పరుగు. ఈ మోకాళ్లతో! వీడియో ఆయన ఆపకుండా తీశాడు.

తర్వాత నా చీర తెల్లగా, ఆయన కోటు నల్లగా దిద్దేశాడమ్మా. టీపొడి దండగ. బాతుల్ని కూడా తీసెయ్యనా అంటే మీ తాతగారు ఒప్పుకోలేదు. “అవి లేకపోతే మేమెందుకు పరిగెడుతున్నట్టండీ?” అన్నారు.

అందులో నా ముఖం చూసుకున్నాను. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. ఏడుపొచ్చేసింది తల్లీ. నీ ముఖం కనబడాలని తన కోటు పాడుచేసుకునేవాణ్ణే నీకూ ఇవ్వాలి ప్రభువు.