గంటన్నర పిలుపు

“మీ అక్క నీ వల్ల సచ్చిపోయింది. దాని మీద ఇంక పంచాయితీ లేదు. కుర్చీ లాక్కుని కూకో.”

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ కాలనీ వెనక సందు. సాయంత్రం నాలుగు గంటలు. రైల్వేలో రిటైరైన సిగ్నల్ మిస్త్రీ ఏలియా ఇంట్లో అతనూ, బామ్మర్ది ఏబెలూ.

“కూర్చుంటాను బావా. నాలుగేళ్లు గుమ్మం తొక్కనివ్వలేదు. ఇవాళ నువ్వే కబురు పెట్టినావు. ఈ మాట అనడానికేనా?”

“కాదు. టీ తాగుతావేటి?”

“వద్దు. తాగే వచ్చినాను. రేడియో మీద గుడ్డ తీసేసినావే. మళ్లీ మొదలెట్టినావా?”

“వింటన్నాను.”

“ఎన్నాళ్లయింది?”

“నెల.”

“మంచి పని చేసినావు. నేను అడగడానికి భయపడి ఊరుకున్నాను గానీ, నీ హామ్ రేడియో లైసెన్స్ ఎప్పుడో అయిపోయింది. ఆ కాగితాలన్నీ నేను చూసుకుంటాను. నువ్వు సంతకం పెడితే సాలు.”

“లైసెన్సు ఎవడడిగినాడు? మాట్లాడ్డానికి కావాలి లైసెన్సు. వినడానికి ఎందుకు?”

“సరే, వింటున్నావు. ఏటి వస్తున్నాది?”

“ఏటొస్తాది. షార్ట్‌వేవ్‌లో స్టేషన్లన్నీ మూసేసినారు. అప్పుడు ముల్లు ఎక్కడ పెట్టినా ఎవడో ఒకడు వార్తలు సదివేవోడు. ఇప్పుడు పక్కింటోడు బ్యాటరీ రిక్షాకి, ఆ టోటోకి, ఛార్జింగ్ పెడితే గుర్రుమంటాది. పొద్దల్లా అదే ప్రోగ్రాం.”

“నాకూ అంతే. మా వీధిలో మూడు టోటోలు.”

“నీ బాధ నేను అడగలేదు.”

“మన హామ్‌లు దొరుకుతున్నారా? నలభై మీటర్ల బ్యాండ్ మీద?”

“దొరుకుతన్నారు.”

“నా గొంతు వినబడిందా?”

“నీ గొంతొస్తే ముల్లు తిప్పేస్తాను.”

“ఠీక్ హై.”

“నీకు మోర్స్ నేర్పింది ఎవడు?”

“నువ్వే. స్పానర్‌తో అన్నం పళ్లెం మీద కొట్టి నేర్పినావు. అక్క పళ్లేలు సొట్టపోతున్నాయని తిట్టేది.”

“అందుకే అడుగుతన్నాను. సిరిల్ వచ్చినాడు మొన్న.”

“మా హామ్ క్లబ్ సెక్రటరీ సిరిలా? ఎందుకు?”

“తుఫానొస్తే కంట్రోల్ రూంలో రేడియో దగ్గర కూకునేది ఇకనుంచి నువ్వేనంట కదా. ఆదివారం మీటింగులో పేరు రాస్తారంట.”

“నేను అడగలేదు. వాళ్లే పట్టుబట్టి—”

“ఆదివారం నేనొస్తాను.”

“నువ్వొస్తావా?”

“వచ్చి నిలబడతాను. ఈడు ఆ తుఫాను రోజు ఇదే పని మీద కూకున్నాడు, సొంత అక్క ఊపిరాడక కొట్టుకుంటంటే నేను పిలిచినాను, పలకలేదు, ఈడినేటి కూకోబెడతారు అని అడుగుతాను. ఎవరికీ తెలియని మాట కాదు. మరిసిపోయినారు. గుర్తు సేస్తాను.”

“రా. చెప్పు.”

“అంతేనా?”

“ఇంకేటి అనమంటావు? కునుకు పట్టింది, వినలేదు అని సమాధి దగ్గర అందరి ముందూ ఒప్పుకున్నాను. ఒప్పుకోలేదా?”

“అది అబద్ధం.”

“ఏది అబద్ధం?”

“నువ్వు నిద్రపోలేదు. నాలుగు రోజుల కింద బాలాసోర్ హామ్ జాకబ్ రేడియోలో ఎవడితోనో మాట్లాడతంటే విన్నాను. తుఫాను కబుర్లు. ఖరగ్‌పూర్ ఏబెల్ దాదా ఆ మధ్యాహ్నం మంచినీళ్లకి కూడా లేవలేదంట. పది నిమిషాలకోసారి వాళ్ల బావని పిలిచి పిలిచి గొంతు పోయిందంట. లాగ్ పుస్తకంలో టైములతో రాసుకున్నాడంట.”

“జాకబ్ కొంచెం ఎక్కువ చేసి చెప్తాడు.”

“జాకబ్ అబద్ధమాడడు. ఆడినోడివి నువ్వు. నాలుగేళ్లు నిద్రమత్తు ఎదవ అనుకున్నాను. నువ్వు మెలకువగానే ఉన్నావు. మరి ఎందుకు పలకలేదు?”

“పోనీలే బావా. నా పేరు వెనక్కి తీసుకుంటానని సిరిల్‌కి ఇవాళే ఫోన్ చేస్తాను. నువ్వు అంత దూరం రానక్కర్లేదు.”

“నీ పేరు ఎవడికి కావాలి? అడిగింది సెప్పు.”

“ఏటి చెప్పమంటావు?”

“మూడున్నరకి మొదలెట్టినాను. ఫోన్లు సచ్చినాయి. కరెంటు లేక దాని మందు పీల్చే మిషన్ ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా సెట్టు. దాన్ని వదిలి బయటికెళ్లలేను. నీ పక్కన అంబులెన్సు ఉంది, ఆక్సిజన్ ఉంది, సెట్లు కోసే మనుషులున్నారు. బ్యాటరీ మీద రేడియో పెట్టి గంటన్నర పిలిచినాను. కృపమ్మకి బాగులేదు, బండి పంపు. కృపమ్మకి బాగులేదు, బండి పంపు. అది మంచం మీంచి అడుగుతంది, తమ్ముడేటన్నాడు అని. వస్తన్నాడు అన్నాను. నువ్వు నాచేత అనిపించిన మాట అది. అదే విని పోయింది.”

“బావా.”

“సెప్పు.”

“వద్దు బావా. నా మాట విను. నిద్రపోయినాననే అనుకో.”

“సెప్పకుండా ఈ గుమ్మం దాటితే, నేను సచ్చినా రావొద్దు.”

“నీ పిలుపు ఈ ఇల్లు దాటలేదు.”

“ఏటి?”

“నువ్వు గంటన్నర పిలిచినావు. నేనూ పిలిచినాను. నీ మాట బయటికి రాలేదు, నా మాట లోపలికి రాలేదు. రేడియోకి ఏరియల్ కేబుల్ లేదు.”

“ఎవడన్నాడు?”

“నేను చూసినాను. మర్నాడు పొద్దున్న నేనొచ్చేసరికి నువ్వు అక్క పక్కన కూర్చున్నావు. నన్ను చూసి మొహం తిప్పుకున్నావు. ఎందుకు వినబడలేదో చూద్దామని ఈ గదిలోకొచ్చినాను. కేబుల్ కొస ఊరగాయ సీసాలో ఉంది.”

“సీసాలో.”

“ఉరుమొచ్చినప్పుడు పీకి గాజు సీసాలో పెడతాం కదా, పిడుగు రేడియోలోకి దిగకుండా. పెట్టింది పెట్టినట్టే ఉంది.”

“నాకు గుర్రుమని తప్ప ఏటీ వినబడలేదు. తుఫాను కదా, అలగే ఉంటాది అనుకున్నాను. ముప్ఫై ఏళ్ల సిగ్నల్ మిస్త్రీని. మాట బయటికి పోతందో లేదో సెప్పే మీటరు ముల్లు సూడలేదు.”

“ఆ టైంలో ఎవడు చూస్తాడు?”

“అయితే నాకు కేబుల్ ఎలగ కనబడింది? సమాధికి బయలుదేరే ముందు సూసినాను. బిగించి ఉంది. సేత్తో పట్టుకుని సూసినాను.”

“బిగించింది నేను.”

“ఎందుకు?”

“నువ్వు చూస్తే బతకవు అనుకున్నాను.”

“కేబుల్ ఉంది, బ్యాటరీ ఉంది. అంటే వినీ పలకనోడివి నువ్వే. అలగని లెక్క కట్టుకుని వచ్చి, సమాధి దగ్గర నీ మొహమ్మీద ఉమ్మినాను.”

“నాకు తెలుసు. నువ్వు అడిగినావు, ఏటి చేస్తన్నావురా అప్పుడు అని. నోటికి నిద్ర అనే మాట వచ్చింది. అదే ఖాయమైపోయింది.”

“నాలుగేళ్లు. మీ ఆవిడ ఎదురైతే పలకరించలేదు. నీ కూతురు పెళ్లికి రాలేదు.”

“రాలేదు. నన్ను తిట్టిన రోజు నువ్వు కడుపునిండా తింటున్నావని నీ కూతురు వినీల ఫోన్లో చెప్పేది. సరే తిట్టనీ అనుకున్నాను. ఇంక నాకూ ఓపిక లేదు బావా. జాకబ్ నోరు జారకపోతే ఇవాళ కూడా చెప్పకపోదును.”

“ఊఁ.”

“ఇంకో మాట విను. దీన్ని నీ నెత్తిన వేసుకోకు. కేబుల్ పీకే పని ఎప్పుడూ అక్కదే కదా. నువ్వు డ్యూటీలో ఉండేవాడివి. ఉరుము వినబడితే పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తుకొచ్చేది. ఆ రోజూ అలవాటుగా పీకేసి ఉంటుంది. నీకు చెప్పడానికి ఊపిరి చాలి ఉండదు. నీకెలగ తెలుస్తుంది?”

“మీ అక్క కాదు.”

“మరెవరు? ఇంట్లో ఇద్దరే ఉన్నారు.”

“రెండు గంటలకి ఉరిమింది. అది లేవబోయి మళ్లీ ఒరిగిపోయింది. కేబుల్ తియ్యి, రేడియో పాడైపోతాది అంది. నేను తీసినాను. బిగించి ఉండేసరికి, పిలిసే ముందు మళ్లీ నేనే పెట్టినాననుకున్నాను.”

“బావా, వద్దు, నువ్వు—”

“ఆదివారం నేను రాను. రేడియో దగ్గర నువ్వే కూకో.”

“అది కాదు బావా. నా మాట విను. ఆ గాలిలో, ఆ కంగారులో ఎవడైనా—”

“అయిపోయింది. ఈ మాట నా బతుకులో ఇంక నేనెత్తను. నువ్వెత్తితే పలకను.”