కాడ మొదలు చూపమన్న డాక్టరమ్మగారు

రెండువేల ఏడవ సంవత్సరం, అక్టోబరు పద్నాలుగవ తేదీ, ఆదివారం నాడు, అడవి పుట్టగొడుగులను గుర్తుపట్టే ఔత్సాహికుల కోసం అంతర్జాలంలో వెలసిన మా వేదికలో ఒక నూతన సభ్యురాలు చేరారు. వృత్తి అన్నచోట 'పళ్ళ డాక్టరు' అని, అనుభవం అన్నచోట 'ఏమీ లేదు' అని నింపారు. ఏమీ లేదన్న ఆ మహనీయురాలే అనంతర కాలంలో మా వేదికకు ప్రధాన పర్యవేక్షకురాలై, సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున ఆ బాధ్యతల నుండి స్వచ్ఛందంగా విరమిస్తున్నారు. ఈ అభినందన సంచికకు నాలుగు మాటలు వ్రాయమని సహ పర్యవేక్షకుడినైన నన్ను మిత్రులు ఆదేశించారు. నేను లిఫ్టులు మరమ్మతు చేసుకునేవాణ్ణి. వాక్యం ఎక్కడైనా మధ్యలో ఆగిపోతే పాఠకులు కంగారు పడకుండా కాసేపు ఓపిక పట్టాలని మనవి.

ఆ రోజుల్లో ఇటువంటి వేదికలు, మా వ్యాపకానికి తగినట్టే, పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చేవి. మా దాంట్లో ఒక హోదాల వరుస ఉండేది. కొత్తగా చేరినవారు 'మట్టి'. ఆపైన 'పోగు', 'మొగ్గ', 'కాడ', అన్నిటికంటే పైన 'గొడుగు'. ఎవరు ఎక్కువ వ్యాఖ్యలు వ్రాస్తే వారిది పెద్ద హోదా; అనగా బాతాఖానీ కొట్టగల ఓపికే పాండిత్యానికి కొలమానం. పేరు పక్కన ఎర్రని గొడుగు బొమ్మ వెలిగిందంటే ఇక ఆ సభ్యుని మాటకు తిరుగు లేదు. 'తినవచ్చు' అని తీర్పు చెప్పే అధికారం ఆ గొడుగువారికే ఉండేది. ఈ సంచిక చదివే కుటుంబ సభ్యులకు ఇక్కడొక విషయం విన్నవించాలి. ఇది తపాలా బిళ్ళలు సేకరించడం వంటి వ్యాపకం కాదు. తినదగినదీ ప్రాణం తీసేదీ పక్కపక్కనే, అక్కాచెల్లెళ్ళ పోలికలతో మొలుస్తాయి. ఆ విషం ఉడికించినా పోదు. తిన్న పూట ఏమీ తెలియదు, తెలిసేసరికి కాలేయం చేతులెత్తేస్తుంది.

డాక్టరమ్మగారు చేరిన మరుసటి ఏడాది జరిగిన ఉదంతం ఇది. మా వేదికకు పెద్దదిక్కు ఒక గడియారాల మెకానిక్కు. మేమంతా ఆయన్ను బాబాయిగారనే పిలుస్తాం, మాలో చాలామందికి ఈ విద్యలో ఓనమాలు దిద్దించింది ఆయనే. ఒక ఆదివారం ఉదయం ఆయన బుట్టెడు పచ్చటోపీ పుట్టగొడుగుల ఫొటో పెట్టి, 'తినవచ్చు. మనవరాలు వచ్చింది, మధ్యాహ్నం వేపుడు' అని వ్రాశారు. అభినందనలు వెల్లువెత్తాయి. అప్పటికి 'పోగు' హోదా దాటని డాక్టరమ్మగారు మాత్రం, "కాడ మొదలు కనిపించడం లేదండీ. కత్తితో కోశారా?" అని అడిగారు. ఆ ప్రశ్నను ఎవరూ చెవిన పెట్టలేదు. పైగా ఒకరిద్దరు నవ్వు బొమ్మలు అతికించారు. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. ఎవరినో పట్టుకుని బాబాయిగారి నంబరు సంపాదించి నేరుగా ఫోను చేశారు. ఆ సంభాషణను బాబాయిగారు ఇప్పటికీ, అడిగినవారికీ అడగనివారికీ, పొల్లుపోకుండా వినిపిస్తారు.

"ముప్పై ఏళ్ళుగా ఏరుతున్నాను తల్లీ! నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు."

"నిజమే బాబాయిగారూ. మీకు తెలిసినంత నాకు తెలీదు. కానీ మొదళ్ళు మట్టిలోనే వదిలేసి వచ్చారు. పన్ను పైకి ముత్యంలా ఉంటుంది, గొడవంతా కింద వేరులో ఉంటుంది. నేను రోజూ చూసేది అదే."

"అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"పొయ్యి ఆర్పెయ్యండి. పాపకి ఇంకేదన్నా పెట్టండి. మీరు వెళ్ళి, కోసిన చోట తవ్వి చూడండి. నా మాట తప్పయితే సాయంత్రం నలుగురిలో నన్ను కడిగెయ్యండి, పడతాను."

బాబాయిగారు సణుక్కుంటూనే పొయ్యి ఆర్పి, చిన్న పార పట్టుకుని బయలుదేరారు. కోసిన మోళ్ళను ఒక్కొక్కటే పెకలించి చూశారు. దాదాపు అన్నీ మంచివే. మూడింటికి మాత్రం, మట్టి లోపల, చిరిగిన గుడ్డసంచి వంటి తెల్లని తొడుగు ఉంది. పచ్చటోపీనే పెట్టుకుని తిరిగే ప్రాణాంతక జాతికి అదే గుర్తు. కాడను పైన కోసేస్తే ఆ గుర్తు నేలలోనే ఉండిపోతుంది, బుట్టలోకి విషం ఒక్కటే వస్తుంది. ఆయన ఆ మూడు మోళ్ళనూ జేబురుమాలులో మూటగట్టుకుని ఇంటికి వచ్చారట. సాయంత్రం ఆ తొడుగుల ఫొటో పెట్టి, "నా చేతులతో నేనే నా ఇంట్లో దీపం ఆర్పుకోబోయాను. నా గొడుగు ఈ అమ్మాయికి ఇచ్చెయ్యండి" అని వ్రాశారు.

మరొకరైతే ఆ మాటకు ఉబ్బితబ్బిబ్బయ్యేవారు. డాక్టరమ్మగారు ఇచ్చిన సమాధానం నాకు ఈనాటికీ కంఠతా వచ్చు. "ఇందులో తప్పు ఒక్క బాబాయిగారిదే కాదు. ఇంతమందిమి ఆ ఫొటో చూశాం, ఆయన పేరు పక్కన బొమ్మ చూసి నోరు కట్టేసుకున్నాం. రేపు ఆ బొమ్మ నా పేరు పక్కన ఉంటే, నేను పొరబడ్డ రోజున నాకెవరు చెబుతారు? అది చెప్పే మనుషులు ఉంటారంటేనే తీసుకుంటాను." ఒక పసిదాని ప్రాణం నిలబెట్టిన పూట కూడా తన భవిష్యత్తు తప్పును గురించి దిగులుపడిన మనిషిని నేను అంతకు మునుపు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

మరుసటి సంవత్సరం మా ఒత్తిడికి తలొగ్గి గొడుగుతో పాటు పర్యవేక్షణ స్వీకరించగానే వారు చేసిన మొదటి పని, 'తినవచ్చు' అనే మాటను అందరి అధికారాల నుండి, తన దానితో సహా, తొలగించడం. పేరు చెప్పడం వరకే మన పని, పళ్ళెంలో వడ్డించడం మన పని కాదన్నారు. కాడ మొదలు తవ్వి చూపని ఫొటోకు సమాధానమే ఉండదన్నారు. అన్నిటినీ మించి, ఏ ఫొటో మీదనైనా 'మట్టి' హోదావారు ముందు మాట్లాడాలి, 'గొడుగు'వారు అందరి తరువాత నోరు విప్పాలి అనే నియమం పెట్టారు. ఆ నియమానికి కొందరు గొడుగువారు నిప్పులు కక్కారు, కొందరు వేదిక వదిలి వెళ్ళిపోయారు. డాక్టరమ్మగారు ఎవరినీ బతిమాలలేదు. ఉన్నవారిని మాత్రం కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆదివారపు అడవి నడకల్లో తడబడే వృద్ధ సభ్యుల చేయి పట్టుకుని నడిపించారు. మాలో సగం మంది నోళ్ళను తమ ఆసుపత్రి కుర్చీలో బాగుచేశారు, మిగతా సగం నోళ్ళను వేదికలో చీవాట్లతో బాగుచేశారు. నేను రెండు వర్గాలకూ చెందుతాను.

ఈ సేవలో వారి కుటుంబం పంచుకున్న కష్టం కూడా సామాన్యమైనది కాదు. వారి అమ్మాయి డ్రాయింగు కాగితాల మీద రాత్రికి రాత్రే గోధుమరంగు చక్రాలు వెలిసేవి. పుట్టగొడుగు టోపీని బోర్లించి పెడితే రాలే పొడి రంగును బట్టి జాతిని పోల్చుకుంటారు, దానికి తెల్లకాగితం కావాలి. ఫ్రిజ్జులో నిమ్మకాయ కోసం చేయి పెడితే పుర్రె గుర్తు వేసిన కాగితపు పొట్లం తగిలేదని వారి శ్రీవారు ఒకసారి మాతో మొరపెట్టుకున్నారు. "ఇల్లంతా పుట్టగొడుగులేనండీ. కూరలోకి కావాలంటే మాత్రం నేను సంచీ పట్టుకుని బజారుకి పరిగెత్తాలి!" అంతటి సహనమూర్తికి ఈ సంచిక ముఖంగా మా అందరి నమస్సులు.

ఈ ఏడాది వానలు వెనుకబట్టిన వారంలో ఒక సభ్యుడు తెల్లటోపీ పుట్టగొడుగు ఫొటో పెట్టాడు. మొదలు తవ్వాడు గాని దాని నిండా బురద, ఉన్నది సంచో కాదో తెలియడం లేదు. కాబట్టి టోపీ కింది మడతల రంగే ఆధారం. గులాబీ అయితే పొలాల్లో మొలిచే సాధు రకం, తెలుపయితే ప్రాణగండం. కిందివారు తలో మాట చెప్పారు. చివరికి డాక్టరమ్మగారు, 'మడతలు లేత గులాబీ. సాధు రకమే' అని తేల్చారు. అక్కడితో చర్చ ముగిసిందనుకున్నాం. అంతలో, చేరి మూడు నెలలైనా నిండని ఒక 'మట్టి' సభ్యురాలు, బేకరీ నడుపుకునే ఆవిడ, ఇలా వ్రాశారు: "డాక్టరమ్మగారూ, ఏమీ అనుకోకండి. అది గులాబీ కాదండీ, తెలుపు. మా షాపులో మైదా ఎంత తెలుపో అంత తెలుపు. మీరు తప్పు చూశారు."

కాసేపటికి నా ఫోను మోగింది.

"మీకేం రంగు కనిపిస్తోంది?" అన్నారు డాక్టరమ్మగారు.

"అదీ... వెలుతురును బట్టి..."

"వెలుతురు సంగతి తరువాత. రంగు చెప్పండి."

"తెలుపేనండీ."

"నాకింకా గులాబీగానే ఉంది," అన్నారు నెమ్మదిగా.

అయిదు నిమిషాల్లో వేదికలో తమ తప్పును పెద్ద అక్షరాలతో ప్రకటించి, ఆ పుట్టగొడుగును పారవేయించారు. మరునాడు కంటి డాక్టరు పరీక్షించి, రంగులను పోల్చే చూపు సన్నగిల్లుతోందని, అది తిరిగి రాదని చెప్పారు. ఆ సాయంత్రమే విరమణ ప్రకటన వెలువడింది. కనీసం గౌరవార్థం గొడుగు గుర్తు ఉంచుకోమని మేము కాళ్ళావేళ్ళా పడ్డాం. "కొత్తగా వచ్చినవాళ్ళకి అది గౌరవం గొడుగో, నిజం గొడుగో ఎలా తెలుస్తుంది?" అని, తమ పేరు పక్కనున్న బొమ్మను తామే తీసివేశారు.

ఇంతలో బేకరీ ఆవిడ, తన మూలానే ఇదంతా జరిగిందని హడలిపోయి, క్షమాపణ చెప్పుకోవడానికి ఆసుపత్రికే వెళ్ళారట. డాక్టరమ్మగారు కుర్చీలోంచి లేచి ఎదురొచ్చి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసింది నీకోసమేనమ్మా" అన్నారట. ఆ మాట చెబుతూ బేకరీ ఆవిడ వలవలా ఏడ్చారు. వినేవాళ్ళం మేమూ ఏడ్చాం, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

పూజ్యులైన డాక్టరమ్మగారు చల్లని మనసుతో, చెదరని ఆరోగ్యంతో, శ్రీవారి తోడునీడలో, బిడ్డల ముద్దుముచ్చట్ల నడుమ చిరకాలం వర్ధిల్లాలని మా సభ్యులందరి పక్షాన హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాను. వారు వేసే ప్రతి అడుగులోనూ, ఎప్పుడైనా పొరబడితే, 'కాదండీ' అని మొహాన చెప్పగలిగే మనిషి ఒకరు వారి పక్కన ఉండుగాక.