కొత్త పెట్టని మందు

మందు పన్జెయ్యనేదేటి అని నన్నడిగితే ఏటి సెప్పను డాక్టరు బాబూ? ముందు కూకోండి. కొండెక్కొచ్చినారు, ఆ సెంబులో నీళ్లున్నాయి, తాగండి.

మా సిన్నమ్మలు పోనాది. నా ఇంటిది. ఊళ్లోకొచ్చినప్పుడే ఎవులో సెప్పుంటారు మీకు.

అడ్డపొగ తాగిన నోరు బాబూ దానిది. సోడిసేలో కలుపు తీసేటప్పుడు రెండు సేతులూ కావాలి, సుట్ట ఆరకూడదు. నిప్పు కొస నోట్లో ఎట్టుకోడమే. మా ఆడోళ్లందరూ అంతే. అంగిట్లో పుండు లేసినా ఎవులికీ సూపించనేదు. ముద్ద దిగనప్పుడు మీకాడికి తెచ్చినాను.

మీరెంత ఓపిగ్గా సెప్పినారు. కంటికి కనపడని నలుసులంట, మందు మోసుకెళ్లి పుండులోనే దింపుతాయంట, మంచి కండ జోలికెళ్లవంట, జుట్టూడదంట. గోరంత బిళ్ల అంగిట్లో అంటించుకోడమేనంట. నాకు సగమే అరదమయ్యింది గానీ పానం లేసొచ్చింది.

ఆకర్న ఓ మాటన్నారు, గేపకముందా? "ఇంతవరకూ ఏ మనిషీ నోట్లో పెట్టుకోని మందమ్మా ఇది, మొదలు నువ్వే" అన్నారు. మంచికే అన్నారు. మీరు అంటించబోతే అది నోరు మూసీసింది. ఇంటికాడ అంటించుకుంటానన్నాది. సిగ్గనుకున్నారు మీరు.

సిగ్గు కాదు బాబూ. ఎవులూ తినని కొత్తది దేవుడికి పెట్టకుండా మేం నోట ఎట్టం. మామిడికాయైనా, సామలైనా. కొత్త పండగ అవ్వాల్సిందే. ముందే తింటే ఊరి మీదకి పులొస్తాదో, పిల్లలకి జొరాలే వస్తాయో. "నా ఒక్కదాని నోటి కోసం ఊరినొప్పగించీమంటావా" అన్నాది. బిళ్లలు కుండలో ఎట్టి ఊటకాడ సల్లగా దాసింది.

తిట్టినాను. బతిమాలినాను. ముంచింగిపుట్టు సంతకెళ్లి మీకు ఫోను కొట్టినాను, పలకనేదు. ముందొచ్చేది మామిడి కొత్తే, బిళ్ల కూడా ఆనాడే దేవుడికెట్టాల. పండగకి రోజెట్టేది మా దిసారి కదా, ఆయన కాళ్లట్టుకున్నాను, బేగి ఎట్టమని. పిందెకి టెంక పట్టందే మామిడి కొత్తేటిరా అన్నాడు.

రోజూ సెట్టెక్కి ఓ పిందె కోసి సూసేవోడిని. కత్తి మెత్తగా దిగిపోయేది. అది గడపలో కూకుని నా మొకమే సూసేది. అప్పటికే మాట పడిపోనాది దానికి.

టెంక పట్టింది. అది ఎళ్లిపోయినాక పట్టింది.

నా మందు పన్జెయ్యనేదని మీరు బాధపడకండి. ఆ మందు దాని నోరే సూడనేదు.

కొత్తనాడు తొలి మామిడి ముక్క పక్కన ఓ బిళ్ల కూడా ఎట్టినాను దేవుడికి. అయిపోయింది. ఇంక ఈ కొండ మీద ఎవులు నోట ఎట్టుకున్నా తప్పు నేదు. ఎట్టుకోవాల్సిన మనిసే నేదు.