నాన్నను గెంటేసినవాడి ప్రసంగం

పిట్స్‌బర్గ్‌లో తండ్రి అంత్యక్రియలు ముగిశాయి. వచ్చినవాళ్లు చర్చి హాల్లో భోజనాలకు కూర్చున్నారు. వెనక వంటగదిలో అక్కాతమ్ముళ్లు కప్పుల్లో కాఫీ పోస్తున్నారు.

"విన్నావా నాన్న పాత బాసు ప్రసంగం? పాఠాలు చెప్పాలన్న ఇష్టంతో నాన్నే కంపెనీ వదిలేశాడట."

"మెల్లగా అక్కా, హాల్లోకి వినిపిస్తుంది."

"వినిపించనీ. వంతెన దూలాల్లో పగుళ్లున్నాయి, గట్టిగా ఉందని ఇంజనీరుగా సంతకం పెట్టనన్నందుకు నాన్నను గెంటేసింది ఆ బాసు హార్ట్‌విగ్గే."

"నాన్నే నోరెత్తలేదు కదా, మనకెందుకు?"

"నోరెత్తితే ఇంకెక్కడా పని దొరకదని ఊరుకున్నాడు. అమ్మ లేని మనకు వండిపెట్టి, బళ్లో లెక్కలు చెప్పి, ఫెయిలైన పిల్లల్ని శనివారాలు మన వంటింట్లో కూర్చోబెట్టుకుని చదివించాడు."

"ఆ పిల్లలంతా ఇప్పుడు హాల్లోనే ఉన్నారు."

"అందుకే మైకు తీసుకుని నిజం చెప్పేస్తాను."

"నీకు మధ్యలో ఏడుపొస్తుంది. ఈ కాఫీ నువ్వు పోస్తూ ఉండు. నేను చెప్తాను."