ఆ తల్లి ఎందుకు నవ్వింది

సాయంత్రం. ముందుగదిలో కుట్టుమిషన్ ఆపి ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. లిఫ్టు మెకానిక్‌గా పనిచేసే భర్త అప్పుడే వచ్చి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

“వినండి, మీకో సంగతి చెప్పాలి. నిన్న సీరియల్లో కొడుకుని పోలీసులు జీపెక్కిస్తుంటే ఆ తల్లి నవ్వింది కదా...”

“నీ సీరియల్ గోల నాకెందుకు? కాసిని మంచినీళ్లియ్యి.”

“కూజా పక్కనే గ్లాసుంది. మా అభిమానుల గ్రూపులో పొద్దుట్నుంచీ ఇదే రచ్చ. పిల్లాడు బెదిరిపోకూడదని నవ్విందని నేను రాశాను. పీడ విరగడైందని నవ్విందని తాళంచెవి రాశాడు.”

“ఎవడు?”

“తాళంచెవి. మీకు ఇదివరకే చెప్పానుగా, గ్రూపులో పెట్టుకున్న పేరది. అసలు పేరెవరికీ తెలీదు. ఆర్నెల్లుగా నేనేం రాసినా వెంటపడి ఏకేస్తున్నాడు.”

“అందులో తప్పేముంది? కడుపుకోత ఉన్న మనిషి నవ్వుతుందా? అదీ జుట్టు సర్దుకుని మరీ.”

“జుట్టు సర్దుకుందని నేను చెప్పలేదే.”

“ఏమో... క్యాంటీన్లో టీవీ వాగుతూ ఉంటుంది. ఏదో కంటబడుతుంది.”

“మధ్యాహ్నం వాడేం రాశాడో చదవనా?”

“వద్దు. తలనొప్పిగా ఉంది.”

“‘బిడ్డ పోయిన రోజు ఆస్పత్రి మంచం మీద నవ్విన మనిషి, తల్లి మనసు గురించి మనకి పాఠాలు చెబుతోంది.’ నాలుగొందల మంది చదివారు. మీ చెల్లెలు ఫోన్ చేసి, నిజమేనా వదినా అనడిగింది.”

“ఎవడో నోటికొచ్చింది రాసుంటాడు.”

“ఆ రోజు గదిలో ఎవరున్నారండీ?”

“నర్సుంది.”

“నర్సు వెళ్లాకే కదా మీరు లోపలికొచ్చారు.”

“అప్పుడెప్పటి సంగతో...”

“ఆ లేసు తర్వాత విప్పుకోండి. ఇటు చూడండి.”

“నేనే. నేనే రాశాను. అయితే ఏంటి?”

“ఆర్నెల్లుగానా?”

“మొదట సరదాకే. అక్కడ గలగలా మాట్లాడేదానివి. ఇంట్లో నాతో, అన్నం పెట్టనా, లైటు తియ్యనా, అంతే.”

“తిట్టినా సరే, నేను రాసింది మనసుపెట్టి చదివేది తాళంచెవి ఒక్కడేనని మీతోనే అన్నాను.”

“అన్నావు.”

“విని ఊరుకున్నారు.”

“నా సంగతేంటి? ఆరేళ్లు. ఆరేళ్లుగా ఆ నవ్వు నా కళ్లముందునుంచి పోలేదు. నీకా బిడ్డ అక్కర్లేదేమో, అసలు నేనే అక్కర్లేదేమో...”

“నన్నడగొచ్చుగా.”

“అడిగితే అవునంటావేమోనని.”

“అందుకని అందరి ముందూ అన్నారు.”

“తీసేస్తాను. ఇదిగో, ఇప్పుడే తీసేస్తాను. ఎందుకు నవ్వావో చెప్పు చాలు.”

“మీరు బయట గోడకి తల బాదుకుంటున్నారని నర్సమ్మే చెప్పింది. నువ్వూ ఏడిస్తే ఆయన్ని పట్టుకునేవాళ్లు లేరమ్మా అంది. మొహం తుడుచుకుని నవ్వాను. ఆ తర్వాత ఎప్పుడేడ్చినా, మీరు నిద్రపోయారో లేదో చూసుకునే ఏడ్చాను.”