కిలోకి యాభై గ్రాములు

మళ్ళీ ఆ వారంటు దగ్గరికే వచ్చారా లాయరమ్మా? ఇది మూడోసారి. ఉల్లిపాయల కోసం కూడా నా కొట్టుకి ఎవరూ ఇంతలా తిరగలేదు.

చూపించారండీ. పోలీసులు ఎదురింటి డ్రైవర్ వాళ్ళ తలుపు కొట్టి, లోపల అడుగు పెట్టకముందే కాగితం చదివి వినిపించారు. ఇంటి నంబరు సరిగ్గానే ఉంది. సంతకం ఉంది, ముద్ర ఉంది. సాక్షినని నన్ను పక్కనే నిలబెట్టారుగా, నా కళ్ళతో చూశాను. వారంటులో లొసుగు దొరికితే అప్పీలు గట్టెక్కుతుందని మీ ఆశ. నాకు మాత్రం ఆశ లేదా? లేని లొసుగు ఎక్కణ్ణుంచి తెచ్చేది?

మంచం కింద గంజాయి బస్తా దొరికిన మాటా నిజమే. ఎవరో దాచమన్నారట, దాచాడు. తప్పే, కాదనను.

అదేంటి, లేచారు? ఫైలు కూడా కట్టేశారు. అంటే ఇంక అయిపోయినట్టేనా? పదేళ్ళూ లోపలేనా?

కూర్చోండి. ఒక్క నిమిషం. ఆ ఫ్యాను ఇటు తిప్పండి, చెమటలు పడుతున్నాయి. మీకు కాదు, నాకు.

మీరొకటి అడగడం మర్చిపోయారు. మూడుసార్లొచ్చి మూడుసార్లూ మర్చిపోయారు. మీరు మెట్లు దిగి వెళ్ళిన ప్రతిసారీ నేను హమ్మయ్య అనుకున్నాను. సిగ్గు లేకుండా అనుకున్నాను.

ఆ బస్తా దేని మీద తూచారో అడగలేదు మీరు.

దీని మీదే. ఈ కాటా మీదే. వాళ్ళు తెచ్చుకున్న కాటాకి బ్యాటరీ అయిపోయిందట. "పెద్దాయనా, మీది తెండి" అన్నారు ఎస్సై గారు. నేనే రెండు చేతులా మోసుకెళ్ళాను. ఇరవై కిలోల ఆరొందల గ్రాములు చూపించింది. ఇరవై దాటితే పదేళ్ళకి తక్కువ వెయ్యరని, లోపైతే శిక్ష బాగా తగ్గుతుందని నాకప్పుడు తెలీదు. తీర్పు రోజు తెలిసింది.

ఇది ఎక్కువ చూపిస్తుందమ్మా. కిలోకి యాభై గ్రాములు.

చెడిపోలేదు. చేయించాను. కాటాలు బాగుచేసే మనిషే చేసిపెట్టాడు, పదకొండేళ్ళయింది. తనిఖీకి ఎవరైనా వస్తే ఇదిగో, ఈ మూల బటన్ నొక్కి పట్టుకుంటాను. అప్పుడు బుద్ధిగా సరైన తూకం చూపిస్తుంది.

ఆ రోజు కూడా వేలు బటన్ మీదే ఉంది. ఎస్సై గారు నా చేతి వంకే చూస్తున్నారు. నొక్కితే ఎందుకని అడుగుతారు, ఏం చెప్పను? వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. వాళ్ళలో నేను తూచి ఇవ్వని ఇల్లు ఒక్కటి లేదు. వేలు తీసేశాను.

కోర్టులోనూ అడిగారు, తూకం నీ ఎదురుగానే జరిగిందా అని. జరిగిందన్నాను. సరిగ్గా జరిగిందా అన్నారు. సరిగ్గానే అన్నాను.

లెక్క వేసుకోండి. నేను చాలాసార్లు వేసుకున్నాను. పందొమ్మిదిన్నర పైన ఇంకో వంద గ్రాములు, అంతే. ఇరవై లేదు. సరుకు తగలబెట్టేశారు కదా, మళ్ళీ తూచడానికి ఏమీ లేదు. మిగిలింది ఈ కాటా ఒక్కటే.

ఆ డ్రైవర్ భార్య ఇప్పటికీ నా దగ్గరే కొంటుంది, తెలుసా? తీర్పయినప్పట్నుంచి ఆమెకి ఏం తూచినా పైన ఓ గుప్పెడు వేస్తున్నాను. పోయిన వారం పక్కింటావిడతో అంటోంది, కష్టంలో ఉన్నామని తెలిసి అన్నయ్య చెయ్యి పెద్దది చేశాడు అని. నేను బస్తాల వెనక నిలబడి విన్నాను. ఆ మాట వినే కన్నా ఆమె చెప్పుచ్చుకు కొట్టినా బాగుండేది.

నమ్మకం లేకపోతే ఆ షెల్ఫు కింద పాత కిలో రాయి ఉంది, మీరే పెట్టండి. నా చేత్తో పెట్టను. ఆఁ, చదవండి. చూశారా? రాసుకోండి. కొత్తగా సాక్ష్యం పెట్టాలంటే అర్జీ వేయాలన్నారుగా, వేయండి. కాటా తీసుకెళ్ళండి. వస్తాను, చెప్తాను. అబద్ధం చెప్పినందుకు నన్ను కూడా లోపల వేస్తే వేయనీండి.

ఒక్క సాయం మాత్రం చెయ్యండి. ఆమెకి మీరే చెప్పండమ్మా. సాయంత్రం పంచదారకి వస్తుంది. అప్పటికి నేను కొట్టు కట్టేస్తాను.